గార్డు లేని ప్రెస్‌ను నడవనివ్వకండి: అధికారులకు, యంత్రాల తయారీదారులకు, యజమానులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్మిక, ఫ్యాక్టరీల శాఖల అధికారులకు, పవర్ ప్రెస్‌లు తయారుచేసే, అమ్మే వ్యాపారులకు, ప్రెస్ షాపుల యజమానులకు, వారి దగ్గర విడిభాగాలు కొనే పెద్ద కంపెనీల యాజమాన్యాలకు,

నమస్కారములు.

మేము హైదరాబాదు చుట్టూ ఉన్న బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్ పారిశ్రామికవాడల్లోని చిన్న ప్రెస్ షాపుల్లో ఆపరేటర్లుగా, హెల్పర్లుగా, డై ఫిట్టర్లుగా పనిచేస్తున్నవాళ్లం. ఫ్యాను రెక్కలు, స్విచ్ బోర్డు పెట్టెలు, బండ్ల బ్రాకెట్లు, బీరువాల పట్టీలు, ఇలా రేకును డై (అచ్చు) మీద పెట్టి పెడల్ తొక్కి కొట్టే ప్రతి వస్తువూ మా చేతుల మీదుగా వెళ్లేదే. ఆ పని చేస్తూ మాలో ఎందరో వేళ్లు పోగొట్టుకున్నారు, ఇంకా పోగొట్టుకుంటూనే ఉన్నారు. మేము కళ్లారా చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం యంత్రానికి గార్డు, అంటే చెయ్యి లోపలికి వెళ్లకుండా అడ్డుకునే కంచె, లేకపోవడం వల్లనో, ఉన్న గార్డును తీయించి పక్కన పెట్టడం వల్లనో జరిగినవే.

ఈ విషయాలన్నీ వివరిస్తూ ఇదివరకే ఒక కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. ముట్టినట్టు ముద్ర వేసి నకలు చేతికిచ్చారు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లి అడిగినా ఫైలు పైకి వెళ్లిందనే మాటే తప్ప, ఒక్క షాపుకైనా ఎవరైనా వచ్చి చూసిన జాడ లేదు. అందుకే అందరి ఎదుటా ఈ లేఖ రాస్తున్నాం. ఏ ఒక్కరినీ పేరుపెట్టి నిందించాలని కాదు గానీ, ఎవరి బాధ్యత ఎంతవరకో స్పష్టంగా చెప్పకపోతే ఈ వినతి కూడా మొదటిదాని దారే పడుతుందని మా భయం.

మేము చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఒక్కటే. గార్డును యంత్రంలో ఒక భాగంగా చూడాలి. ఫ్లైవీల్ (యంత్రాన్ని నడిపే బరువైన చక్రం) లేని ప్రెస్‌ను ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. గార్డు విషయంలోనూ అదే నియమం ఉండాలి. అలా కాక దాన్ని కార్మికుడి జాగ్రత్తకు, క్రమశిక్షణకు సంబంధించిన సంగతిగా చూస్తున్నంతకాలం వేళ్లు తెగుతూనే ఉంటాయి, తప్పు కూడా తెగిన వేళ్లవాడి మీదికే వస్తుంది.

ఈ యంత్రాన్ని దగ్గరగా చూడని పెద్దలకు అది ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతా వాదన అంతా దానిమీదే ఆధారపడి ఉంది. మా షాపుల్లో ఉన్నవి ఎక్కువగా కీ క్లచ్ ఉన్న పాతకాలపు మెకానికల్ ప్రెస్‌లు. మోటారు ఆన్ చేసినప్పటి నుంచి వాటి ఫ్లైవీల్ తిరుగుతూనే ఉంటుంది. పెడల్ తొక్కగానే క్లచ్‌లోని కీ ఆ చక్రాన్ని పట్టుకుంటుంది, రేకును కొట్టే బరువైన ర్యామ్ కిందికి దిగుతుంది. ఒకసారి కీ పట్టుకున్న తర్వాత చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరిగేదాకా ర్యామ్‌ను నడుమ ఆపడం ఎవరి తరమూ కాదు. నిమిషానికి 60 స్ట్రోకులు కొట్టే ప్రెస్‌లో ర్యామ్ పైనుంచి కిందికి రావడానికి అర సెకను పడుతుంది. మనిషి చెయ్యి సెకనుకు 1.6 మీటర్ల వేగంతో కదులుతుందని భద్రతా ప్రమాణాల్లో లెక్క కడతారు. అంటే ఆ అర సెకనులో చెయ్యి 80 సెంటీమీటర్ల దూరం వెళ్లగలదు. కాలు పెడల్‌ను తొక్కేసిన తర్వాత కూడా, వంకరగా కూర్చున్న పీసును సరిచేద్దామని చెయ్యి అలవాటుగా ముందుకు వెళితే, ర్యామ్ కంటే ముందే డైలోకి చేరిపోతుందన్నమాట. దీనికి తోడు కీ అరిగినా, స్ప్రింగు విరిగినా, పెడల్ తొక్కకుండానే ర్యామ్ రెండోసారి దిగుతుంది. మా షాపుల్లో దీన్ని ‘డబుల్ కొట్టడం’ అంటారు. ఎంత అనుభవం ఉన్న ఆపరేటర్‌కైనా అది ఎప్పుడు కొడుతుందో తెలియదు. ఇక్కడ జాగ్రత్తగా ఉండమని చెప్పడం వల్ల ఒనగూరే ప్రయోజనం ఏమీ లేదు. షీటు దూరేంత సందు ఉండి వేలు దూరని గట్టి గార్డు ఒక్కటే ఆ చేతిని కాపాడగలదు.

ఇది కొత్తగా మేము కనిపెట్టి అడుగుతున్న హక్కు కూడా కాదు. ఇంగ్లండులో 1844 నాటి ఫ్యాక్టరీ చట్టమే ప్రమాదకరమైన యంత్రాలకు కంచె వేయాలన్నది. మన దేశంలో 1881లో వచ్చిన మొదటి ఫ్యాక్టరీ చట్టంలోనూ ఆ మాట ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షను ఇంకా స్పష్టంగా, ప్రమాదకరమైన భాగాలకు దృఢమైన రక్షణ ఏర్పాట్లు ఉండాలని, వాటిని ఎల్లప్పుడూ మంచి స్థితిలో ఉంచాలని, ఆ భాగాలు కదులుతున్నంతసేపూ అవి వాటి స్థానంలోనే ఉండాలని చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా పనిచోటును ప్రమాదరహితంగా ఉంచే బాధ్యతను యజమాని మీదే పెట్టింది. కాగితం మీద లోటు లేని ఈ రక్షణ మా బెంచీ దాకా ఎందుకు రావడం లేదో, రాకపోవడం వల్ల ఎవరికి ఏమవుతోందో ఈ కింద మనవి చేస్తున్నాం.

1. వేళ్లు పోయినవాడికి ఏమవుతుందో మొదట చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చిన ఒక 24 ఏళ్ల కుర్రవాడు 30 టన్నుల ప్రెస్ దగ్గర హెల్పర్‌గా చేరాడు. ఆపరేటర్ రాని ఒక రోజున అతన్నే పెడల్ దగ్గర కూర్చోబెట్టారు. నూనె జిడ్డుకు పీసు డైలో అతుక్కుపోతే కుడిచేత్తో లాగబోయాడు. ప్రెస్ డబుల్ కొట్టింది. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు పోయాయి. ఆ ప్రెస్‌కు చెందిన జాలీ గార్డు పక్కనే గోడకున్న మేకుకు వేలాడుతోంది. దాని మీద నూనె, దుమ్ము కలిసి నల్లగా అట్టకట్టి ఉంది. ఇవాళ ఆ అబ్బాయి కుడిచేత్తో అన్నం కలుపుకోలేడు. చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకోవడం నేర్చుకున్నాడు గానీ, నలుగురిలో ఎడమచేత్తో తినలేక పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చోవడం మానేశాడు. ప్రెస్ పని తప్ప వేరే పని తెలియదు, ఆ పనికి ఎవరూ పెట్టుకోరు. ఊరికి తిరిగి వెళితే పారో, కొడవలో పట్టే చెయ్యి అది కాదు. చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు తీర్చడానికి వచ్చినవాడు, ఇప్పుడు ఆ అప్పుకు తోడు తనే ఇంటికి బరువయ్యానని కుమిలిపోతున్నాడు. వేలు తెగితే పోయేది వేలు మాత్రమేనని, ప్రాణం దక్కింది కదా అని తేలిగ్గా మాట్లాడే పెద్దలు ఈ ఒక్క మనిషి రోజు ఎలా గడుస్తుందో దయచేసి ఆలోచించండి.

2. ఆ అబ్బాయికి పరిహారం రావలసింది. 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలు ప్రకారం ఒక చేతికి మూడు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు లెక్క. చూపుడు వేలు ఒక్కటే మొత్తంగా పోతే 14 శాతం, బొటనవేలు పోతే 30 శాతం, నాలుగు వేళ్లూ పోతే 50 శాతం. నెలకు 15,000 రూపాయల వేతనం, 24 ఏళ్ల వయసు ఉన్నవాడికి వేతనంలో 60 శాతాన్ని ఆ వయసుకు నిర్ణయించిన 218.47తో హెచ్చించి, అందులో 30 శాతం తీస్తే సుమారు 5 లక్షల 90 వేల రూపాయలు వస్తుంది. ఈఎస్ఐలో పేరు నమోదై ఉంటే దీని బదులు నెలనెలా భృతి వచ్చేది. కాంట్రాక్టరు అతని పేరు నమోదు చేయించలేదు. చివరికి అతనికి దక్కింది ఆసుపత్రి ఖర్చు, కొంత నగదు, తనకు చదవరాని భాషలో ఉన్న కాగితం మీద పెట్టించుకున్న ఒక సంతకం. పరిహారపు హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదని అదే చట్టం 17వ సెక్షను చెప్పింది. ఆ సంగతి అతనికి చెప్పే మనిషి ఆసుపత్రి మంచం దగ్గర ఎవరూ లేరు.

ఇంతకంటే పెద్ద అన్యాయం ఇంకొకటి ఉంది. భద్రత కోసం అమర్చిన గార్డును కార్మికుడు తెలిసీ ఉద్దేశపూర్వకంగా తొలగించినా, లెక్కచేయకపోయినా, ఆ కారణంగా మరణమో సంపూర్ణ శాశ్వత అంగవైకల్యమో కాని గాయం అయినప్పుడు యజమాని పరిహారం ఇవ్వనక్కర్లేదని ఆ చట్టం 3వ సెక్షనులో మినహాయింపు ఉండేది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా దాన్ని కొనసాగించింది. వేళ్లు తెగడం చట్టం దృష్టిలో పాక్షిక వైకల్యమే కాబట్టి, మా ప్రమాదాలన్నీ సరిగ్గా ఈ మినహాయింపు కిందికే వస్తాయి. గోడకు వేలాడుతున్న గార్డును చూపించి ‘అమర్చాం, వాడే తీసేశాడు’ అంటే చాలు, వాదన వాళ్ల వైపు మొగ్గుతుంది. దాని మీద అట్టకట్టిన దుమ్ము ఎన్ని నెలలదో అడిగేవాళ్లు లేరు. గార్డు తీయమన్నది సూపర్‌వైజరు, తీసింది డై సెట్టర్, దాంతో లాభపడింది ఉత్పత్తి, శిక్ష మాత్రం పెడల్ దగ్గర కూర్చున్నవాడికి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

3. గార్డును ఎందుకు తీస్తారో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. మా పని చాలాచోట్ల పీసు రేటు మీద నడుస్తుంది. గార్డు అడ్డం వల్ల పీసుకు ఒక్క సెకను ఎక్కువ పట్టినా, షిఫ్టులో నాలుగు వేల పీసులు కొట్టేవాడికి గంటకు పైగా సమయం పోతుంది. ఆ గంట కూలి తగ్గుతుందని ఆపరేటర్, ఆర్డరు ఆలస్యమవుతుందని యజమాని, ఇద్దరూ గార్డు తీయడానికే మొగ్గుతారు. దీనికి మూలం మనుషుల నిర్లక్ష్యంలో కంటే గార్డు తయారైన తీరులో ఎక్కువగా ఉంది. మా షాపుల్లో కనిపించే గార్డులు డై ఏదో, పీసు ఎంతో చూడకుండా అన్నిటికీ ఒకటే కొలతతో వెల్డింగ్ చేసి తగిలించినవి. వాటి వెనక నుంచి పీసు కనబడదు, ఇరుక్కున్న పీసును తీయాలంటే ప్రతిసారీ నాలుగు బోల్టులు విప్పాలి. డై డిజైన్ చేసేటప్పుడే దానికి తగిన గార్డును, పీసును బయటికి తోసే గాలి గొట్టాన్ని, షీటును జరిపే స్లైడును కూడా కలిపి గీస్తే గార్డు పనికి అడ్డం రాదు. ఇరుక్కున్న పీసును తీయడానికి చేతికి బదులు అయస్కాంతపు కడ్డీయో, పట్టకారో ఇవ్వడానికి అయ్యే ఖర్చు చాలా స్వల్పం. అదీ ఇవ్వని షాపులు ఉన్నాయి.

4. పైకి భద్రత కనిపించి లోపల లేని ఏర్పాట్ల గురించి తనిఖీకి వచ్చే అధికారులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ప్రెస్‌కు రెండు వైపులా లైట్ కర్టెన్ సెన్సర్లు బిగించి ఉంటే చూడగానే చాలా బాగుంటుంది. గాలితో పనిచేసే ఫ్రిక్షన్ క్లచ్ ఉన్న ప్రెస్‌లకు అది నిజంగానే మంచి రక్షణ, ఎందుకంటే కిరణానికి చెయ్యి అడ్డం రాగానే ర్యామ్ నడుమనే ఆగుతుంది. కీ క్లచ్ ప్రెస్‌లో సెన్సర్ చేతిని చూసినా ర్యామ్‌ను ఆపలేదు, ఆ క్లచ్‌కు ఆగే గుణమే లేదు కాబట్టి. అలాంటి ప్రెస్‌కు లైట్ కర్టెన్ బిగిస్తే ఆపరేటర్‌కు లేని ధైర్యం ఇచ్చి చెయ్యి లోపలికి పెట్టించినట్టే అవుతుంది. అలాగే రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే నడవాల్సిన ప్రెస్‌లో ఒక బటన్‌కు సైకిల్ ట్యూబు ముక్క కట్టి ఉంచడం మామూలైపోయింది. ఒకవేళ కట్టకపోయినా, ఆ ఏర్పాటు బటన్లు నొక్కే ఆపరేటర్ చేతులనే కాపాడుతుంది గానీ పక్కన నిలబడి పీసులు తీసే హెల్పర్ చేతులను కాపాడదు. పెడల్ మీద కప్పు లేకపోతే కింద పడిన ఒక రేకు ముక్క చాలు ర్యామ్‌ను దింపడానికి. కాగితం మీద ‘గార్డు ఉంది’ అన్న గడిలో టిక్కు పెట్టేముందు, ఏ క్లచ్‌కు ఏ రక్షణ ఉందో చూడమని మా విన్నపం.

5. ఈ గాయాలు లెక్కల్లోకి రావడం లేదు. 48 గంటలు లేదా అంతకంటే ఎక్కువసేపు పనికి రాలేని గాయం అయితే అధికారులకు తెలియజేయాలని ఫ్యాక్టరీల చట్టం నిబంధన పెట్టింది. వేలు తెగినవాడు రెండు రోజుల్లో పనికి రావడం అనేది ఉండదు కాబట్టి ప్రతి తెగిన వేలూ రికార్డులో ఉండి తీరాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీఫాస్లీ సేకరించిన వివరాల ప్రకారం 2017 నుంచి 2020 దాకా దేశంలోని నమోదైన ఫ్యాక్టరీల్లో ఏటా సగటున వెయ్యికి పైగా కార్మికులు చనిపోయారు, గాయపడినవారు ఏటా నాలుగు వేల పైచిలుకు. అంటే ఒక మరణానికి నలుగురు మాత్రమే గాయపడుతున్నారని ఈ లెక్క చెబుతోంది. షాప్ ఫ్లోర్ మీద ఒక్క ఏడాది పనిచేసినవాళ్లెవరూ దీన్ని నమ్మరు. చనిపోయినవాణ్ణి దాచలేరు కాబట్టి మరణాలు నమోదవుతున్నాయి, తెగిన వేళ్లను దాచగలరు కాబట్టి అవి నమోదు కావడం లేదు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో యాభై మందికి పైగా ప్రాణాలు పోయినప్పుడు రాష్ట్రమంతా కదిలింది, కదలాలి కూడా. అదే పారిశ్రామిక ప్రాంతాల్లో ఒక్కొక్కటిగా తెగిపడే వేళ్లకు పత్రికలో ఒక్క వాక్యం కూడా దక్కడం లేదు. హర్యానాలోని గురుగ్రామ్, మానేసర్, ఫరీదాబాద్ ఆటోమొబైల్ విడిభాగాల షాపుల్లో ‘సేఫ్ ఇన్ ఇండియా’ అనే స్వచ్ఛంద సంస్థ గాయపడిన కార్మికులను కలిసి, వివరాలు సేకరించి 2019 నుంచి నివేదికలు వెలువరిస్తోంది. ఆ గాయాలకు ప్రధాన కారణం పవర్ ప్రెస్‌లేనని ఆ నివేదికలు తేల్చాయి. మన దగ్గర అలా లెక్కపెట్టిన దిక్కే లేదు.

6. మొదట చెప్పిన కొత్త వృత్తిపరమైన భద్రత కోడ్ వల్ల మాకు ఇంకొక భయం పట్టుకుంది. విద్యుత్తు వాడే చోట పది మంది పనిచేస్తే ఫ్యాక్టరీ అని 1948 చట్టం చెప్పగా, కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. భద్రతా కమిటీ, భద్రతాధికారి వంటివి మామూలు ఫ్యాక్టరీల్లో 500 మంది కార్మికులు ఉంటేనే తప్పనిసరి. మా ప్రెస్ షాపుల్లో పనిచేసేది ఎనిమిది, పన్నెండు, పదిహేను మంది. ప్రెస్ మాత్రం మనుషులను లెక్కపెట్టి దిగదు. అయిదుగురే ఉన్న రేకుల షెడ్డులో ఉన్నదీ, అయిదు వందల మంది ఉన్న కంపెనీలో ఉన్నదీ అదే యంత్రం. నిజానికి పెద్ద కంపెనీల్లో పాతబడి, గార్డులు ఊడి, కీలు అరిగిన ప్రెస్‌లే సెకండ్ హ్యాండ్‌లో చిన్న షెడ్లకు చేరతాయి కాబట్టి ప్రమాదం చిన్నచోటే ఎక్కువ.

7. ప్రెస్ గురించి ఎక్కువగా రాసినా, మా ఆవేదన దానికే పరిమితం కాదు. బియ్యం మిల్లుల్లో తెరిచి ఉన్న బెల్టులు, పత్తి జిన్నింగు మిల్లుల్లో కప్పులేని షాఫ్టులు ఆడవాళ్ల చీర కొంగునో, జడనో లాగేస్తే జరిగేది నిమిషం కూడా పట్టని ఘోరం. పల్లెల్లో నూర్పిడి యంత్రాల్లో చేతులు పోతున్నాయనే 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. పంటను లోపలికి నెట్టే తొట్టి 900 మిల్లీమీటర్ల పొడవు ఉండాలని, అందులో 450 మిల్లీమీటర్లు పైన మూసి ఉండాలని భారతీయ ప్రమాణం ఉంది. చెయ్యి ఎంత చాచినా డ్రమ్మును అందుకోకూడదన్నదే అందులోని ఉద్దేశం. రైతుకూలీ చేతికి కొలత పెట్టి ఆలోచించగలిగినవాళ్లు రేకు కొట్టే చేతికీ పెట్టగలరు.

పై విషయాలను దృష్టిలో పెట్టుకుని మేము కోరుతున్నవి ఇవి:

8. అధికారులు పారిశ్రామికవాడల్లోని ప్రెస్ షాపులన్నిటినీ, కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా, ఒకసారి పూర్తిగా సర్వే చేయాలి. ప్రతి ప్రెస్‌కు నంబరు వేసి, అది ఏ క్లచ్‌దో, గార్డు ఉందో లేదో, డబుల్ కొట్టిన చరిత్ర ఉందో రిజిస్టరులో రాయాలి. ప్రాణాపాయం ఉన్న పనులు జరిగే చోట ఎంతమంది ఉన్నా కోడ్‌ను వర్తింపజేస్తూ నోటిఫికేషన్ ఇచ్చే అవకాశం ప్రభుత్వానికి ఉంది. పవర్ ప్రెస్ పనిని ఆ జాబితాలో చేర్చాలి. యజమాని తనకు తానే ధ్రువీకరించుకునే పద్ధతిని ప్రెస్ షాపులకు వర్తింపజేయకూడదు.

9. గార్డు లేని ప్రెస్‌ను, అది కొత్తదైనా సెకండ్ హ్యాండ్‌దైనా, అమ్మడాన్ని, అద్దెకివ్వడాన్ని నిషేధించాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1963లోనే యంత్రాల గార్డుల మీద చేసిన 119వ ఒప్పందంలో ఈ సూత్రాన్ని పెట్టింది. మన 1948 చట్టం 26వ సెక్షను అమ్మకందారును బాధ్యుణ్ణి చేసినా, ప్రధానంగా గేర్లు, షాఫ్టు మీద పొడుచుకొచ్చిన బోల్టుల వంటివాటికే దాన్ని పరిమితం చేసి, మూడు నెలల దాకా జైలు లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని సరిపెట్టింది. కొత్త కోడ్ 8వ సెక్షను తయారీదారు, దిగుమతిదారు, సరఫరాదారుల బాధ్యతను విస్తరించింది. ఆ సెక్షను కింద ఒక్క కేసైనా పెట్టి చూపించండి. తయారీదారులు, డీలర్లు మీ బిల్లులో గార్డును విడిగా ‘అదనపు పరికరం’గా రాయడం వెంటనే మానేయాలి.

10. గార్డును కార్మికుడే తొలగించాడని యజమాని వాదించినప్పుడు, దాన్ని నిరూపించే భారం పూర్తిగా యజమాని మీదే ఉండాలి. ఆ ప్రెస్ గార్డుతో నడిచిందనడానికి రోజువారీ తనిఖీ పుస్తకం, అందులో ఆపరేటర్ సంతకం, గార్డును విప్పడానికి ఎవరి దగ్గర తాళం ఉందో తెలిపే రికార్డు చూపించలేకపోతే ఆ వాదనను పరిగణనలోకి తీసుకోకూడదు. కేంద్ర ప్రభుత్వం ఈ మినహాయింపును చట్టం నుంచి తొలగించాలని మా అసలు కోరిక. అది జరిగేదాకా పరిహారం నిర్ణయించే అధికారులు కనీసం ఇంతమాత్రం చేయవచ్చు. మరణం, తీవ్ర గాయాల కేసుల్లో విధించే జరిమానాలో సగానికి తగ్గకుండా బాధితులకు ఇప్పించే అధికారం కొత్త కోడ్ 103వ సెక్షను కింద కోర్టుకు ఉంది. కేసు పెట్టే అధికారులు ప్రతిసారీ దాన్ని అడగాలి.

11. బాలానగర్‌లోనే 1968 నుంచి కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆధ్వర్యంలో మొదలైన సంస్థ అది. మా షాపుల్లో సాధారణంగా కనిపించే ప్రెస్‌లకు, డైలకు తగిన గార్డుల డ్రాయింగులు అక్కడ తయారుచేయించి, ఏ చిన్న షాపు యజమాని అయినా ఉచితంగా తీసుకుని పక్క వీధిలోని ఫ్యాబ్రికేషన్ షాపులో చేయించుకునేలా తెలుగులో, హిందీలో అందుబాటులో పెట్టాలి. డై సెట్టర్లకు ర్యామ్ కింద దిమ్మ పెట్టి పనిచేయడం, డై మార్చాక గార్డు తిరిగి బిగించనిదే ప్రెస్‌ను అప్పగించకపోవడం నేర్పాలి.

12. విడిభాగాలు కొనే పెద్ద కంపెనీలకు ఒక మాట. మీ ఇంజనీర్లు మా షాపులకు వచ్చి పీసు మందాన్ని మైక్రోమీటరుతో కొలుస్తారు, అంచున బర్ (గరుకు) ఉంటే లాటంతా వెనక్కి పంపుతారు. ఆ పీసు ఏ ప్రెస్ మీద తయారైందో, దానికి గార్డు ఉందో లేదో చూడమని కూడా వారికి చెప్పండి. గార్డు లేని ప్రెస్ మీద చేసిన సరుకు తీసుకోబోమని కొనుగోలు ఒప్పందంలో ఒక్క షరతు రాస్తే ఏ తనిఖీ అధికారీ సాధించలేనిది మీరు సాధించగలరు. అయితే ఆ షరతుతో పాటు రేటు కూడా సవరించాలి. జాబ్ వర్క్ రేటును ఏటా తగ్గిస్తూ పోతే చిన్న యజమాని కోత పెట్టేది ముందుగా భద్రతలోనే.

13. యజమానులకు మా విన్నపం ప్రత్యేకం. మీలో చాలామంది ఒకప్పుడు మాలాగే పెడల్ తొక్కినవారు, ఈ బాధ మీకు తెలుసు. గార్డు బిగించిన ప్రెస్‌లకు పీసు రేటు బదులు రోజు కూలి ఇవ్వండి. ప్రెస్ డబుల్ కొట్టిందని ఆపరేటర్ చెప్పిన క్షణంలో దాన్ని ఆపి, కీ, స్ప్రింగు మార్చేదాకా నడపకండి. అలా చెప్పినవాణ్ణి పనిదొంగ అనకండి. ప్రమాదం గురించి చెప్పుకునే హక్కును కొత్త కోడ్ 14వ సెక్షను కార్మికుడికి ఇచ్చింది. పనిలో చేరిన రోజే ఈఎస్ఐ నమోదు చేయించండి, కాంట్రాక్టరు చూసుకుంటాడని వదిలేయకండి.

ఈ లేఖకు 30 రోజుల్లోగా రాతపూర్వకంగా సమాధానం ఇవ్వాలని, పైన 8వ అంశంలో కోరిన సర్వే ఏ తేదీన మొదలవుతుందో ప్రకటించాలని అధికారులను కోరుతున్నాం. సర్వేకు వచ్చే బృందాల వెంట నడవడానికి, ఏ ప్రెస్ కీ అరిగిందో చెవితో విని చెప్పగల పాత ఆపరేటర్లు, డై ఫిట్టర్లు మాలో సిద్ధంగా ఉన్నారు. వారికి ఆ రోజు కూలి పోయినా పరవాలేదు. షాపుల పేర్లు బయటపెట్టకుండా, సమాచారం ఇచ్చినవారి ఉద్యోగాలు పోకుండా చూస్తామన్న హామీ మాత్రం ముందుగా రాతలో ఇవ్వండి.

ఇట్లు,
బాలానగర్, జీడిమెట్ల ప్రాంతాల ప్రెస్ షాపు కార్మికుల తరఫున,
ఒక డై ఫిట్టర్